ఇంట్లో పెంచే చిట్టి టమాటా: రుచి కావాలంటే ఏ రకం?

టమాటా కాయ చిన్నదైతే మొక్క కూడా చిన్నదే అనుకుంటారు చాలామంది. కిటికీ గట్టు మీద కుండీ పెట్టాలనుకునేవాళ్ల డబ్బులు ఎక్కువగా ఇక్కడే వృథా అవుతాయి. నర్సరీల్లో, ఆన్‌లైన్‌లో ‘చెర్రీ టమాటా’ అని అమ్మే విత్తనాల్లో చాలావరకు ఆరేడు అడుగులు సాగే రకాలే. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ విడుదల చేసిన పూసా చెర్రీ టమాటా-1 మంచి రకమే. కానీ అది పాలీహౌస్‌లో తాడు కట్టి పైకి పాకించేది. సూపర్ మార్కెట్ డబ్బాలో వచ్చిన చెర్రీ టమాటాల గింజలు నాటినా జరిగేది అదే. రెండు నెలల్లో మొక్క కిటికీ దాటి కర్టెన్ రాడ్డు పట్టుకుంటుంది. అంత మొక్కకు సరిపడా వెలుతురు గదిలో ఉండదు కాబట్టి పూత నిలవదు.

ఇంటి లోపలికి కావాల్సింది ‘మైక్రో డ్వార్ఫ్’ అనే జాతి. ఎదిగిన మొక్క 15 నుంచి 35 సెంటీమీటర్లు, అంటే జానెడు నుంచి మూరెడు లోపే ఉంటుంది. ఈ పొట్టితనం దాని జన్యువుల్లోనే ఉంది, మనం కత్తిరించి తెచ్చేది కాదు. కణుపులు దగ్గర దగ్గరగా వస్తాయి. ఆకు ముదురు ఆకుపచ్చగా, కాస్త ముడతలు పడి, పట్టుకుంటే దళసరిగా తగులుతుంది. నారు వయసు నెల దాటినా మొక్క అరచేతిలో ఇమిడేటట్టు ఉంటే మీకు సరైన విత్తనమే వచ్చింది. మంచి వెలుతురులో పెట్టినా నెలకే అడుగు ఎత్తు లేచిందంటే ప్యాకెట్ మీద ఏ పేరున్నా అది మైక్రో డ్వార్ఫ్ కాదు.

ఇక రుచి. ఈ బుల్లి మొక్కల్లో ఏదీ జపాన్‌కు చెందిన టొకిటా కంపెనీ సన్ గోల్డ్‌కు సాటి రాదు. ప్రపంచమంతా చెర్రీ టమాటా రుచికి కొలబద్దలా చూసే హైబ్రిడ్ అది. కారణం కూడా తేలికే. కాయలోని తీపి ఆకులో తయారవుతుంది. పొడవుగా పెరిగే మొక్క పూత వేస్తూనే కొత్త ఆకులు తొడుగుతూ పోతుంది, కాబట్టి ఒక్కో గుత్తికి బోలెడు ఆకులు పనిచేస్తాయి. మైక్రో డ్వార్ఫ్ కొంత ఎత్తుకు రాగానే ఎదుగుదల ఆపేసి, ఉన్న కాసిని ఆకులతోనే పదుల కొద్దీ కాయల్ని పోషించాలి. పంచుకునేవాళ్లు ఎక్కువ, సంపాదించేది తక్కువ. కాబట్టి ఇంట్లో రుచి రావాలంటే రెండు చూసుకోవాలి: ఆ కొద్ది ఆకులకు వీలైనంత వెలుతురు, ఆ తర్వాత మీ చోటులో పట్టేంతలో కాస్త ఆకు ఎక్కువున్న రకం. చోటుంటే మరీ పొట్టి రకం జోలికి పోకండి. అన్నిటికంటే చిన్నది అనగానే ముద్దొస్తుంది గానీ, నోట్లో వేసుకున్నాక తేడా తెలుస్తుంది.

ముందు మీ కిటికీ చూడండి

విత్తనం కొనేముందు మీ కిటికీ ఏ దిక్కున ఉందో, ఏ నెలలో ఎన్ని గంటలు నేరుగా ఎండ పడుతుందో గమనించండి. అమెరికా, యూరప్‌ల నుంచి వచ్చే సలహాలన్నీ దక్షిణం కిటికీ శ్రేష్ఠం అంటాయి. మన దగ్గర అది సగమే నిజం. హైదరాబాద్‌లో మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికి ఉంటాడు. ఆ రోజుల్లో దక్షిణం కిటికీలోకి నేరుగా ఎండ రాదు. అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా మాత్రం సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి ఎండ గదిలోకి చక్కగా వస్తుంది. తూర్పు కిటికీ ఏడాది పొడవునా పొద్దుటి ఎండ ఇస్తుంది. పడమటి కిటికీ ఎండాకాలంలో మొక్కను ఉడికిస్తుంది. ఎదురుగా పది అంతస్తుల అపార్ట్‌మెంట్ ఉంటే ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి, నేల మీద ఎండ చారిక ఎంతసేపు ఉంటుందో చూసుకోండి.

నేరుగా ఐదారు గంటల ఎండ వస్తే ఏ మైక్రో డ్వార్ఫ్ అయినా కాస్తుంది. మూడు నాలుగు గంటలైతే కాయలు కాస్తాయి గానీ చప్పగా ఉంటాయి. అంతకంటే తక్కువైతే లైటు పెట్టాల్సిందే. దీనికి ఊదా రంగు వెలుగునిచ్చే ఖరీదైన లైట్లు అక్కర్లేదు. షాపులో దొరికే మామూలు తెల్లని 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబ్‌లైట్లు రెండు, మొక్క కొసకు జానెడు ఎత్తున కట్టి, రోజుకు 14 నుంచి 16 గంటలు వెలిగిస్తే రెండు మూడు కుండీలకు సరిపోతాయి. కరెంటు ఎంత కాలుతుందని టెన్షన్ పడొద్దు. 40 వాట్లు, 15 గంటలు అంటే రోజుకు 0.6 యూనిట్, నెలకు 18 యూనిట్లు. ఇరవై నాలుగు గంటలూ మాత్రం వెలిగించకండి. టమాటాకు రాత్రి చీకటి కావాలి, లేకపోతే ఆకులు పాలిపోతాయి. లైటును పైకప్పుకు బిగించి, మొక్కను కింద టేబుల్ మీద పెడితే ఉపయోగం లేదు. దూరం పెరిగేకొద్దీ వెలుగు చాలా వేగంగా పలచబడుతుంది. అందుకే మొక్క పెరిగేకొద్దీ ఎత్తు సర్దుకునేలా లైటును గొలుసుతో వేలాడదీయడం మంచిది.

రకాలు

అందరికీ ముందు వినిపించే పేరు మైక్రో టామ్. 1989లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయం విడుదల చేసింది. ఎత్తు 15 నుంచి 20 సెంటీమీటర్లు. చిన్న కుండీలో పెరిగి మూడు నెలల్లో మళ్లీ విత్తనం ఇచ్చేస్తుంది కాబట్టి టమాటా జన్యువుల మీద పరిశోధన చేసే ల్యాబుల్లో ఇది మామూలుగా కనిపిస్తుంది. జపాన్‌లోని త్సుకుబా విశ్వవిద్యాలయంలో దీని వేలాది మ్యూటెంట్ల (జన్యువుల్లో మార్పు వచ్చిన మొక్కల) విత్తన నిధే ఉంది. టేబుల్ మీద చూడటానికి బొమ్మలా ఉంటుంది, పిల్లలకు చూపించడానికి బాగుంటుంది. రుచి కోసం మాత్రం దీన్ని కొనమని నేను చెప్పను. తొక్క గట్టి, లోపల చప్పన.

రెడ్ రాబిన్ దానికంటే కాస్త పెద్దది, 20 నుంచి 30 సెంటీమీటర్లు. నమ్మకంగా కాస్తుంది. 2022 చివర్లో నాసా వాళ్లు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో వెజ్-05 ప్రయోగానికి ఎంచుకున్నది ఈ రకాన్నే. ఇరుకు చోటులో, లైటు కింద, పెద్దగా ఆలనాపాలనా లేకుండా కాసే మొక్క కావాలంటే దీనికి పోటీ తక్కువ. కాయ కొంచెం పెద్దది, గింజలెక్కువ. రుచి మర్యాదగా ఉంటుంది, అంతకుమించి ఏమీ లేదు. ఇంతకుముందు ఎప్పుడూ మొక్క పెంచనివాళ్లు మొదటి కుండీలో దీన్ని పెట్టొచ్చు. మంచి లైటు ఉన్నవాళ్లు ఇక్కడే ఆగిపోనక్కర్లేదు.

ఆరెంజ్ హ్యాట్ ఎత్తు మైక్రో టామ్ అంతే. గుత్తులు గుత్తులుగా, ఆకు కనపడనంతగా కాస్తుంది. నారింజ రంగు కాయ, శనగ గింజ కంటే పెద్దది, గోలీ కంటే చిన్నది. పలచని తీపి, పులుపు దాదాపు లేదు. మరీ పొట్టి రకాల్లో రుచి ఉన్నది ఏదంటే నేను దీన్నే చూపిస్తాను. పిల్లలు మొక్క దగ్గరే నిలబడి తుంపుకుని తినేస్తారు. మన ఇళ్లలో దీనికి ఇంకో సుగుణం ఉంది. ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటితే టమాటాలో ఎర్ర రంగునిచ్చే లైకోపీన్ సరిగ్గా తయారవదు. పసుపు, నారింజ రంగులు మాత్రం వస్తూనే ఉంటాయి. అందుకే వేడి గదిలో ఎర్ర రకాలు పండీ పండనట్టు పాలిపోయిన రంగులో ఆగిపోతే, ఆరెంజ్ హ్యాట్ మాత్రం నిండుగా రంగు తిరుగుతుంది. ఎప్పుడు కోయాలో తేల్చుకోవడం సులువు.

అజ్‌టెక్ పసుపు రంగు రకం, ఇది కూడా బాగా పొట్టి. చూడటానికి చక్కని మొక్క, తేలిక తీపి. ఆరెంజ్ హ్యాట్ దొరికితే మళ్లీ దీని కోసం ప్రత్యేకంగా వెతకక్కర్లేదు.

నా దృష్టిలో పసుపు రకాల్లో అసలు రుచి జర్మనీ నుంచి వచ్చిన హామ్స్ గెల్బె టోఫ్‌టొమాటెది. పేరు పలకడం కష్టంగానే ఉంటుంది, విత్తనాల వాళ్లు కొందరు ‘హామ్స్ యెల్లో’ అని కూడా రాస్తారు. మొక్క మరీ బుల్లి రకాల కంటే గుబురుగా, అడుగు దగ్గర దగ్గరగా పెరుగుతుంది. ఆకు ఎక్కువ కాబట్టి కాయలో పసందు ఎక్కువ. తీపితో పాటు నాలుక చివర చిన్న పులుపు, ఆ వెనక పండు వాసన. కుండీ మాత్రం మూడు నాలుగు లీటర్లకు తగ్గకూడదు.

మొహమ్మద్ అనే రకం ఎర్ర కాయలది. దీనిదీ గుబురు మొక్కే, బలమైన కాండం, అడుగెత్తు. ఎర్ర మైక్రో డ్వార్ఫ్‌లలో మార్కెట్ టమాటాను గుర్తు చేసే రుచి కావాలంటే దీన్ని ఎంచుకోవచ్చు.

ఇంకా మిగిలింది టైనీ టిమ్. 1945లో అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పాత రకం. ఒక్కోసారి మైక్రో డ్వార్ఫ్ కొలత కూడా దాటి 30 నుంచి 45 సెంటీమీటర్ల దాకా వెళ్తుంది, కాబట్టి అల్మరా అరలో పట్టదు, కిటికీ గట్టు మీద సరిపోతుంది. కొమ్మలు కాస్త వాలుతాయి, చిన్న పుల్ల ఆసరా పెడితే మంచిది. కాయ ఎర్రగా, గుండ్రంగా, పుల్లగా ఉంటుంది.

మన నాలుకకు పులుపు కావాలి

విదేశీ తోటమాలులు రకాలకు మార్కులు వేసేటప్పుడు తీపికే పెద్దపీట వేస్తారు. వాళ్లు టమాటాను సలాడ్‌లో పచ్చిగా తింటారు కాబట్టి ఆ లెక్క వాళ్లకు సరిపోతుంది. మనం బజారుకు వెళ్తే నాటు టమాటా ఉందా అని అడిగేది పులుపు కోసమే. గట్టిగా, కోలగా ఉండే హైబ్రిడ్ కాయలు నాలుగు రోజులు నిలవ ఉంటాయని కొంటాం గానీ, చారులో వేస్తే చింతపండు కలపకుండా రుచి రాదని ప్రతి ఇంట్లో తెలుసు. ఆరెంజ్ హ్యాట్ కాయలు చేతిలో పెడితే మా అత్తయ్య రెండు నోట్లో వేసుకుని, “బాగున్నాయమ్మా, ద్రాక్షపళ్లలా ఉన్నాయి. పెరుగు పచ్చడికి మాత్రం పనికిరావు, పులుపేదీ?” అంది. టైనీ టిమ్ కాయలు రుచి చూశాక మారుమాట లేకుండా నూనెలో ఆవాలు, ఎండుమిర్చి వేసింది.

కాబట్టి మీ ఇంట్లో ఎలా తింటారో చూసి ఎంచుకోండి. ఊరికే నోట్లో వేసుకోవడానికి, పిల్లల స్నాక్స్ డబ్బాకు అయితే ఆరెంజ్ హ్యాట్. పచ్చిగా ఉల్లిపాయతో, కొత్తిమీరతో కలిపి తినడానికి హామ్స్. తాలింపు వేసి పెరుగులో కలపడానికి, ఉప్మాలో సగం కోసి వేయడానికి టైనీ టిమ్, లేదంటే మొహమ్మద్. పప్పు టమాటాకు, పులుసుకు సరిపడా ఇవేవీ ఇవ్వవు. రెండు మూడు కుండీలు బాగా కాసే రోజుల్లో పూటకు గుప్పెడు వస్తాయి, అంతే. మదనపల్లి మార్కెట్ ధర పెరిగినప్పుడు ఆదుకుంటాయని మాత్రం వీటిని పెంచకండి.

బాల్కనీ ఉంటే

గదితో పాటు ఎండ తగిలే బాల్కనీ కూడా ఉన్నవాళ్లు మైక్రో డ్వార్ఫ్‌ల దగ్గరే ఆగక్కర్లేదు. రెండు దారులున్నాయి. ఒకటి, వేలాడే కుండీలో కిందికి జారే టంబ్లింగ్ టామ్ లాంటి రకాలు. గ్రిల్‌కు తగిలించుకోవచ్చు. ఎరుపు కంటే దాని పసుపు రకం తియ్యగా ఉంటుంది. కాకపోతే వేలాడే కుండీ ఎండాకాలంలో గంటల్లో ఆరిపోతుంది, రోజుకు రెండు పూటలా నీళ్లు పోయగలిగితేనే పెట్టుకోండి.

రెండోది, 2005లో అమెరికాకు చెందిన క్రెయిగ్ లెహూలియర్, ఆస్ట్రేలియాకు చెందిన పట్రీనా నస్కె స్మాల్ మొదలుపెట్టిన డ్వార్ఫ్ టొమాటో ప్రాజెక్ట్ రకాలు. ఊళ్లు, దేశాలు దాటి ఇంటి తోటమాలులు కలిసి చేసిన పని అది. పాత కాలపు పెద్ద కాయల రుచిని రెండు నుంచి నాలుగు అడుగుల పొట్టి మొక్కలోకి తెచ్చారు. రుచిలో ఇవి మైక్రో డ్వార్ఫ్‌ల కంటే ఎంతో పైమెట్టు. అయితే ఒక్కో మొక్కకు 20 లీటర్ల బకెట్ అంత కుండీ, రోజుకు ఆరు గంటల ఎండ కావాలి. గదిలో లైటు కింద వీటిని పెట్టమని ఎవరైనా చెప్తే వినకండి.

ఎప్పుడు విత్తాలి

మన ప్రాంతంలో రుచికి, కాపుకు అన్నిటికంటే పెద్ద శత్రువు వేడి. పగలు 35 డిగ్రీలు, రాత్రి 24 డిగ్రీలు దాటితే టమాటా పుప్పొడి పనిచేయదు, పూలు రాలిపోతాయి. ఏసీ లేని గదిలో ఏప్రిల్, మే నెలల్లో ఏ రకమైనా పూత నిలవడం కష్టం. ఆగస్టు చివర నుంచి అక్టోబర్ మధ్య దాకా విత్తితే, 75 నుంచి 90 రోజులకు, అంటే చలి రోజుల్లో పండ్లు అందుతాయి. చల్లని రాత్రులు, దక్షిణం కిటికీలో వాలిన ఎండ రెండూ కలిసొచ్చే కాలం అదే. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో తేమ వల్ల పుప్పొడి ముద్దకట్టి రాలదు. అక్కడ పుప్పొడి రాలేలా పూలు విదిలించే పని (ఎలాగో కింద చెప్తాను) మధ్యాహ్నం, గాలి పొడిగా ఉన్నప్పుడు చేయండి.

న్యూజెర్సీలోనో డాలస్‌లోనో ఉండేవాళ్లకు లెక్క తిరగబడుతుంది. వాళ్లకు వేసవిలో పెరడే చాలు. ఈ బుల్లి మొక్కల అవసరం నవంబర్ నుంచి మార్చి దాకా, హీటర్ వేసుకున్న గదిలో. అక్కడ పగలు తక్కువ కాబట్టి లైటు తప్పనిసరి. రాత్రిళ్లు కుండీని కిటికీ అద్దానికి ఆనించి ఉంచకూడదు.

పూల విషయానికి వస్తే, టమాటా పువ్వు తన పుప్పొడితో తానే పిందె కడుతుంది, తేనెటీగ అక్కర్లేదు. కానీ కదలిక కావాలి. పువ్వు మధ్యలో పసుపు రంగు గొట్టంలా కనపడేదాని లోపల పుప్పొడి ఉంటుంది. గుత్తి కాడను వేలితో టకటకా తట్టితే వెలుతురులో సన్నని పొడి రాలడం కనిపిస్తుంది. ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్ వెనుక భాగం కాడకు ఆనిస్తే ఇంకా మేలు. సీలింగ్ ఫ్యాన్ తిరిగే గదిలో కొంత పని దానంతటదే అయిపోతుంది.

విత్తనం కొనేటప్పుడు

నీలం రంగు కాయల బొమ్మలతో, ‘బోన్సాయ్ టమాటా’ అని, ఏ రకమో పేరు లేకుండా అమ్మే ప్యాకెట్లు వదిలేయండి. ప్యాకెట్ మీద రకం పేరు, ఎదిగిన మొక్క ఎత్తు, ఏ ఏడాది విత్తనమో ఉండాలి. ‘డ్వార్ఫ్’ అని మాత్రమే రాసి ఎత్తు రాయకపోతే అడిగి తెలుసుకోండి, నాలుగడుగుల మొక్కను కూడా డ్వార్ఫ్ అనే అంటారు. పైన చెప్పిన మైక్రో డ్వార్ఫ్‌లు చాలావరకు హైబ్రిడ్ కానివే. ఒక్కసారి కొంటే చాలు, ఆ తర్వాత మీ కాయ నుంచే విత్తనం తీసుకోవచ్చు. బాగా పండిన కాయను పిండి, గింజల్ని ఆ రసంలోనే రెండు మూడు రోజులు గ్లాసులో పులియనిచ్చి, కడిగి, పింగాణీ ప్లేటు మీద ఆరబెట్టండి. కాగితం మీద ఆరబెడితే అంటుకుపోతాయి. అమెరికా నుంచి వచ్చే చుట్టాలతో విత్తనాలు తెప్పించుకుందామని చాలామందికి అనిపిస్తుంది. బయటి దేశాల నుంచి విత్తనం రావాలంటే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (తెగుళ్లు లేవని ఇచ్చే ధ్రువపత్రం), దిగుమతి పర్మిట్ ఉండాలి. సూట్‌కేసులో వేసుకొచ్చి ఎయిర్‌పోర్టులో ఇబ్బంది పడేకంటే, ఇక్కడే మొక్కలు పెంచి విత్తనాలు పంచుకునేవాళ్ల దగ్గర తీసుకోవడం మేలు.

రుచి పోకుండా

కుండీ, మట్టి గురించి పెద్దగా చెప్పేదేం లేదు. బుల్లి రకాలకు రెండు లీటర్లు, గుబురు రకాలకు నాలుగు. కోకోపీట్, వర్మీకంపోస్ట్ సమానంగా కలిపి, నీరు నిలవకుండా కొంచెం పెర్లైట్ (తేలికైన తెల్లని గుళికలు) వేస్తే చాలు. పక్క పిలకలు గిల్లకండి. పెద్ద టమాటాలకు చెప్పే సలహా అది, వీటికి గిల్లితే కాపు, ఆకు రెండూ పోతాయి. ఆకు బాగా వచ్చి పూత మొదలయ్యాక నత్రజని ఎక్కువున్న ఎరువు తగ్గించి, పొటాష్ ఉన్నది ఇవ్వండి. ఆకు అడుగున సన్నని బూజు గూళ్లలా కనిపిస్తే ఎర్రనల్లి వచ్చినట్టు. ఏసీ గదుల పొడి గాలిలో ఇది తొందరగా పాకుతుంది. సింక్‌లో కుండీని వంచి ఆకుల అడుగు భాగాన్ని నీటితో కడిగి, ఆ తర్వాత వేపనూనె పిచికారీ చేయండి.

మొదటి కాయలు రంగు తిరగడం మొదలయ్యాక నీళ్లు కొద్దిగా తగ్గించండి. రోజూ తడిపేబదులు మట్టి పైపొర వేలికి పొడిగా తగిలాక పోయండి. కాయలో నీరు తగ్గి తీపి, పులుపు రెండూ చిక్కబడతాయి. ఆకులు వాలేదాకా ఆగి ఒక్కసారిగా పోస్తే మాత్రం కాయలు పగులుతాయి. రంగు నిండినా తొందరపడకుండా ఇంకో రెండు మూడు రోజులు మొక్క మీదే ఉంచండి. వేలితో కాస్త ఎత్తగానే ముచ్చిక దగ్గర దానంతటదే ఊడి చేతిలోకి వస్తే పండినట్టు.

కోశాక ఫ్రిజ్‌లో పెట్టకండి. 2016లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ప్రచురించిన పరిశోధన ప్రకారం, చలికి టమాటాలో వాసననిచ్చే పదార్థాలను తయారుచేసే జన్యువుల పని మందగిస్తుంది. తర్వాత బయట పెట్టినా ఆ వాసన పూర్తిగా తిరిగి రాదు. ఇన్ని కష్టాలు పడి సంపాదించిన వాసన అది. గిన్నెలో వేసి వంటింటి గట్టు మీద, గాలి తగిలే చోట పెడితే మూడు నాలుగు రోజులు నిక్షేపంగా ఉంటాయి.

ఒక్క మొక్క మొదటి విడత కాపు దించాక రెండో విడత కొంత ఇస్తుంది గానీ, అప్పటికే కింది ఆకులు పండిపోయి రుచి కూడా తగ్గుతుంది. దాన్నే పట్టుకుని వేలాడేకంటే, మొదటి మొక్క పూతకు రాగానే ఇంకో కుండీలో కొత్త విత్తనం వేయండి. సెప్టెంబర్ మొదట్లో ఒకటి, అక్టోబర్ మధ్యలో ఒకటి విత్తుకుంటే డిసెంబర్ నుంచి ఫిబ్రవరి చివరిదాకా కాయలు అందుతూనే ఉంటాయి. మొదటి కుండీలో ఆరెంజ్ హ్యాట్, రెండోదాంట్లో టైనీ టిమ్ వేయండి. ఇంట్లో తీపి ఇష్టపడేవాళ్లకూ పులుపు కావాలనేవాళ్లకూ సరిపోతుంది.